పావు తిరుగుడు

సుల్తానాబాద్ దాటినంక ఎడమ దిక్కు
మిల్లులన్నిటిదీ ఒకటే వాసన, ఉడికిన వడ్ల వాసన.
హన్మకొండల బస్సెక్కినప్పటి సంది
ఒళ్ళో పెట్టుకున్న పానాల సంచి
తొడ మీద తన ఆకారం అచ్చు గుద్దింది.

ఫోనుల సేటు చెప్పింది ఒక్క ముక్కే:
"మూడో ట్యాంకు గేటు సగం మూసుకొని ఆగుతున్నది.
మీ సార్‌ను పంపుండ్రి."
సార్ లేడు, ఉన్నది నేనే అని రెండు సార్లు చెప్పిన.

నిచ్చెన ఎక్కి చూస్తే
గేటు మెడ మీద చెప్పుల డబ్బా అంత పెట్టె.
లోపలి సంగతి పెద్దదేం కాదు.
ఒక గొట్టం, అండ్ల ఎదురెదురుగ రెండు పిస్టన్లు,
వాటి వీపులకు పళ్ళు,
నడుమ నిలబడ్డ పళ్ళ ఇరుసు.
గాలి నడుమకొస్తే ఇద్దరూ దూరం జరుగుతరు,
కొసల నుంచి తోస్తే దగ్గరికొస్తరు.
పంచాయితీ వాళ్ళిద్దరిది,
తిరిగేది మాత్రం నడుమనున్నదే.
అది గూడ పావు వంతే.
నల్లా విప్పినంత.
వెనుక నుంచి ఎవరో పిలిస్తే మెడ తిప్పినంత.

ఓదెలు నిచ్చెన పట్టుకొని కింద నిలబడ్డడు.
ఇప్పుడు వాచ్‌మన్.
ఈ పెట్టె రాకముందు పద్దెనిమిదేండ్లు
మూడు ట్యాంకులకూ ఇనుప రాడ్డు గుంజింది ఆయనే,
ఆవిరిల నిలబడి.
"ఎంత తిరుగుతది బిడ్డా అది?"
"తొంభై డిగ్రీలు. ఆ పైన పోదు."
కుడి చెయ్యి లేపిండు.
భుజం ఎత్తు దాకా వచ్చి ఆగింది
సరిగ్గ అడ్డబోల్టు తగిలినట్టు.
"గట్లయితే నాదీ గసొంటిదే" అని నవ్విండు.
నేను నవ్వాల్నో వద్దో తెలవక
నట్టు విప్పుకుంట కూర్చున్న.

కంప్రెసరు కాడ గేజీ ఆరు చూపిస్తున్నది.
పెట్టె దాకా వచ్చేది నాలుగు గూడ లేదు.
నడుమ రెండు ఎటు పోయినయ్?
సర్ఫు నీళ్ళు కలిపి బ్రష్షుతోని
ఒక్కొక్క జాయింటుకు పూసుకుంట పోయిన.
నురగ లేస్తే అక్కడ పోతున్నట్టు.
ఎక్కడా లేస్తలేదు.
ఎలివేటర్ల మోత, బాయిలరు మోత,
బస్తాల మీద పండుకున్న బీహారు పోరగాని ఫోన్ల పాట.

"ఆడ కాదు" అన్నడు ఓదెలు.
"గోడ వెనుక, ఆవిరి పైపు కింద.
రాత్రి మిల్లు బందైనంక
పాము బుస కొట్టినట్టు ఇనబడతది.
మూడు నెల్లాయె. పామే అనుకొని
కట్టె పక్కన పెట్టుకొని పంటున్న."

పోయి చూసిన.
నీలం గొట్టం వేడికి పెళుసుబారి
వెంట్రుకంత చీలిక.
సబ్బునీళ్ళు తగలంగనే
కల్లు లొట్టి మూతి లెక్క పొంగింది.
మూడు నెలల సంది
ఆ చీలికల పోయిన గాలికి
కరెంటు బిల్లు సేటు కట్టిండు,
నిద్ర ఓదెలు కట్టిండు.

గొట్టం మార్చిన. సీళ్ళు మార్చిన.
రిసీవరు అడుగున డ్రెయిను విప్పితే
చాయ రంగు నీళ్ళు, సగం బకెట్టు;
వానాకాలం గాలిల తడి అంత అక్కడ దాసుకున్నది.
అడ్డబోల్టు అర చుట్టు బిగించి
మళ్ళ కొద్దిగ వదిలిన.
ఎక్కడ ఆగాల్నో చేతికి తెలుస్తది,
ఎట్ల తెలుస్తదంటే చెప్పరాదు.

"ఒత్తుండ్రి!" అని అరిచిన.
టిక్.
తుస్స్.
గేటు ఒక్క ఊపున తెరుచుకున్నది.
ఉడుకు వడ్లు పొగతోని దిగబడ్డయి,
నా కండ్లద్దాలు తెల్లగైనయి.
తుడుచుకొని కిందికి చూసిన.

గేటు కదిలిన ప్రతిసారి
ఓదెలు కుడి మణికట్టు
తనకు తెలవకుంటనే కొంచెం తిరుగుతున్నది.
మూసుకుంటే మళ్ళ వెనక్కి.
దానికి ఏ గొట్టమూ తగిలించి లేదు.

నాలుగున్నర బస్సుకు పోతుంటే
మిల్లు గేటు దాకా వచ్చిండు.
ఎడమ చేత్తోని తాళం తీసుకుంట అడిగిండు:
"ఇయ్యాల్టి సంది సప్పుడు రాదా?"
"రాదు పెద్దనాయినా."
కాసేపు ఏం మాట్లాడలే.
"మరి నిజంగ పామొస్తే
నాకెట్ల తెలువాలె?"